కారు బ్యాటరీ రాత్రిపూట ఎక్కడికి పోతోంది?

"కొత్త బ్యాటరీ వేయించి పది రోజులు కాలేదు. పొద్దున్నే సెల్ఫ్ కొడితే టక్ టక్‌మని ఆగిపోతోంది. నకిలీ బ్యాటరీ అంటగట్టారా?" తరచుగా వచ్చే ప్రశ్నే ఇది. పాతదీ కొత్తదీ ఒకే తీరున చచ్చిపోతుంటే ముందు బండిని అనుమానించాలి. డ్యాష్‌బోర్డు మీద నిమ్మకాయ మార్చి చూసేవాళ్లూ ఉన్నారు. నిమ్మకాయలో ఒక రాగిముక్క, ఒక జింకుముక్క గుచ్చితే అదీ ఒక చిన్న బ్యాటరీయే, ఒక వోల్టు దాకా ఇస్తుంది. సెల్ఫ్ మోటారుకు కావాల్సింది మాత్రం వంద ఆంపియర్ల పైమాటే.

మేడ మీద నీళ్ల ట్యాంకు రాత్రి నింపి పడుకున్నారు, తెల్లారేసరికి ఖాళీ. ఎందుకు? అసలు నిండి ఉండదు, లేదా ట్యాంకుకే చిల్లు పడి ఉంటుంది, లేదా ఎక్కడో కుళాయి కారుతుంటుంది. మోటారు పైపును ట్యాంకు అడుగున కలిపిన ఇళ్లలో ఇంకోటీ ఉంది: నీళ్లు వెనక్కి పోకుండా ఆపే ఫుట్ వాల్వు పాడై, అవి వచ్చిన దారినే సంపులోకి దిగిపోతాయి. కారులోనూ అవే నాలుగు.

ముందు లెక్క చూద్దాం. చిన్న కార్లలో సాధారణంగా 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉంటుంది, అంటే లెక్కకు ఒక ఆంపియర్ చొప్పున 35 గంటలు ఇచ్చేది. తాళం తీసేసినా గడియారం, సెంట్రల్ లాక్, కంప్యూటర్ల జ్ఞాపకం కలిసి 20 నుంచి 50 మిల్లీఆంపియర్లు తాగుతూనే ఉంటాయి. 30 అనుకుంటే సగం బ్యాటరీ ఖాళీ కావడానికి 24 రోజులు పడుతుంది. డిక్కీలో 5 వాట్ల బల్బు ఆరకపోతే తాగేది 0.4 ఆంపియర్, పది గంటలకు 4 ఆంపియర్-అవర్. బాగున్న బ్యాటరీ ఒక్క రాత్రికి దీన్ని తట్టుకుంటుంది, మూడు నాలుగు రోజులు కదపకపోతే పడిపోతుంది. పది గంటల్లోనే సగం పోవాలంటే దాదాపు 1.75 ఆంపియర్లు కారాలి, అంటే 21 వాట్ల బ్రేక్ లైటు ఒకటి రాత్రంతా వెలిగినంత. ఇది ఊహకు చెప్పింది కాదు. పెడల్ దగ్గరి స్విచ్‌ను నొక్కిపట్టే చిన్న రబ్బరు బిళ్ల పొడైపోతే బ్రేక్ లైట్లు నిజంగానే తెల్లవార్లూ వెలుగుతాయి. రాత్రి ఒకసారి బండి వెనక్కి వెళ్లి చూడండి.

ట్యాంకుకే చిల్లా అన్నది తేల్చడానికి 10 నంబరు స్పానరు, వోల్టులూ ఆంపియర్లూ కొలిచే మల్టీమీటరు చాలు. బండి ఆపి రెండు గంటలయ్యాక బ్యాటరీ వోల్టేజి చూసి, నెగెటివ్ వైరు విప్పి పక్కన పెట్టండి. నిండిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది, 12.2 అంటే సగమే. పొద్దున మళ్లీ చూడండి. 12.6 అలాగే ఉంటే కారుతున్నది బండిలో. వైరు లేకుండానే పడిపోయిందంటే బ్యాటరీయే పోయింది. 10.5 దగ్గర నిలిచిందంటే ఆరు గదుల్లో ఒకటి షార్టయింది, ఎందుకంటే ఒక్కో గది 2.1 వోల్టులు. అసలు నిండుతోందా అన్నది ఇంజిన్ నడుస్తున్నప్పుడు తెలుస్తుంది: 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఇదే పరీక్షకు నడుస్తున్న బండికి బ్యాటరీ వైరు పీకి చూసే మెకానిక్కులున్నారు. దయచేసి చేయనివ్వకండి. ఒక్కసారిగా లేచే వోల్టేజికి కంప్యూటర్ కాలిపోవచ్చు.

ఇక కుళాయిలు. ఇంట్లో అన్నీ కట్టేసి నీళ్ల మీటరు తిరుగుతోందా అని చూస్తాం కదా, ఇక్కడ మీటరు మల్టీమీటరే. బానెట్ తెరిచి దాని లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు నొక్కి, డోర్లు లాక్ చేసి, రిమోట్ తాళాన్ని దూరంగా పెట్టండి. మల్టీమీటర్ ఎర్రవైరును 10 ఆంపియర్ల రంధ్రంలో గుచ్చి, విప్పిన నెగెటివ్ వైరుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య కలపండి. మొదట రెండు మూడు ఆంపియర్లు చూపిస్తే కంగారు పడొద్దు. కుళాయిలకు లేని గుణం కారు కంప్యూటర్లకుంది: కరెంటు తగలగానే నిద్ర లేస్తాయి. మళ్లీ పడుకోవడానికి అరగంట ఇవ్వండి. ఈలోగా సెల్ఫ్ కొడితే మీటరులోని ఫ్యూజు పోతుంది. అరగంటకు 0.05 కంటే తక్కువుంటే బండి శుభ్రం.

ఎక్కువుంటే ఒక్కో ఫ్యూజు పీకి చూడమంటారు. అది ఒక్కో గేట్ వాల్వు కట్టడం లాంటిది, కానీ తిరిగి పెట్టగానే కంప్యూటర్లు లేచి కూర్చుంటాయి. పీకకుండా చూసే ఉపాయముంది. ఫ్యూజు నెత్తిమీద రెండు లోహపు చుక్కలు కనిపిస్తాయి. నెగెటివ్ వైరు మళ్లీ బిగించి, కంప్యూటర్లు పడుకున్నాక, మీటరు ఎర్రవైరును వోల్టుల రంధ్రంలోకి మార్చి, 200 మిల్లీవోల్టుల మీద పెట్టి వాటిని తాకించండి. 10 ఆంపియర్ల ఫ్యూజుకు నిరోధం 7, 8 మిల్లీఓములు, కాబట్టి 3 మిల్లీవోల్టులు కనిపిస్తే దాని గుండా 0.4 ఆంపియర్ పారుతోందన్నమాట. సున్నా ఉంటే ఆ పైపులో నీళ్లు కదలడం లేదు. చాలాసార్లు దొరికే దొంగ బయట బిగించినదే: పసుపు, ఎర్ర వైర్లు తారుమారైన మ్యూజిక్ సిస్టమ్, ఆరని ఆంప్లిఫయర్, డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్.

ఫ్యూజులన్నీ సున్నా, మీటరు మాత్రం మూడు ఆంపియర్లు. అప్పుడు ఫుట్ వాల్వు దగ్గరకు వెళ్లాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీని నింపేది, మనవాళ్లు డైనమో అనే ఆల్టర్నేటర్. దాని నుంచి లావు వైరు ఈ చిన్న ఫ్యూజుల జోలికి రాకుండా నేరుగా బ్యాటరీకి పోతుంది. లోపల ఆరు డయోడ్లు. పుట్టే కరెంటును బ్యాటరీ వైపు పోనిస్తాయి, వెనక్కి రానివ్వవు. ఒక్కో దారిలో పైనొకటి, కిందొకటి, రెండు వాల్వులు. పైది షార్టయినా కిందిది ఆపుతుంది, కాబట్టి ఒక్కటి పోతే ఏమీ కాదనిపిస్తుంది. కానీ పాత తరహా ఆల్టర్నేటర్లలో ఒక పక్కదారి ఉంది. వెనక్కి వచ్చిన కరెంటు మూడు చిన్న డయోడ్ల మీదుగా రోటరు, అంటే లోపల తిరిగే భాగం, తీగచుట్టలోకి దూరుతుంది. ఆ చుట్ట నిరోధం 4 ఓములంటే, 12 వోల్టులకు 3 ఆంపియర్లు. రాత్రంతా ఆల్టర్నేటర్ ఆగి ఉండి కూడా అయస్కాంతమై కూర్చుంటుంది. అందుకే దీన్ని పట్టడానికి మీటరు కూడా అక్కర్లేదు. పొద్దున, ఇంజిన్ చల్లగా ఉండగానే, ఆల్టర్నేటర్ పుల్లీ దగ్గరకు ఒక ఇనుప స్పానరు తీసుకెళ్లండి. లాక్కుంటే దొంగ దొరికాడు. ఆల్టర్నేటర్ ఒళ్లు గోరువెచ్చగా తగిలినా అంతే. ఖాయం చేసుకోవడానికి బ్యాటరీ నెగెటివ్ విప్పి, ఆల్టర్నేటర్ లావు వైరు విప్పి, దాని కొసకు టేపు చుట్టి, మళ్లీ కొలవండి. ఆ మూడు ఆంపియర్లు మాయమైతే ఖాయం.

చివరగా, బ్యాటరీని సిమెంటు గచ్చు మీద పెడితే దిగిపోతుందన్న మాట నేటి ప్లాస్టిక్ పెట్టెలకు వర్తించదు. పెట్టె పైన ఆసిడ్ తడి, దుమ్ము కలిసిన జిడ్డు మాత్రం రెండు టెర్మినళ్ల మధ్య సన్నని కాలువే. మీటరు ఒక వైరు నెగెటివ్ మీద ఉంచి, రెండోదాన్ని ప్లాస్టిక్ మీద పాకించండి. అక్కడ వోల్టులు కనిపిస్తే గ్లాసు నీళ్లలో చెంచా తినేసోడా కలిపి, మూతల్లోకి దిగకుండా తుడిచి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి.