చివరి మడి

చిట్టితల్లికీ, పక్కన చేరి ఈ ఉత్తరం చదివే తమ్ముడికీ తాతయ్య ఆశీస్సులు.

మీ క్లాసులో ఒక పాప సోమవారం వచ్చిందంటే మధ్యాహ్న భోజనం రెండుసార్లు పెట్టించుకుంటుందని రాశావు. "వాళ్ళ నాన్న రైతే కదా తాతా, పండించే ఇంట్లో ఆకలేంటి?" అన్నావు. ముందు ఒక మాట. ఆ పాపను ఈ సంగతి అడగొద్దు. పక్కన కూర్చుని నువ్వూ తిను.

మన ఊరి చెరువు చూశావుగా, రైతు ఇల్లూ అలాంటిదే. చెరువుకు నీళ్ళొచ్చేది ఏడాదికోసారి. మన అనంతపురం మెట్టల్లో శెనక్కాయ, అంటే వేరుశెనగ, పీకేదీ ఏడాదికోసారే, దీపావళి అటూఇటూగా. పీకగానే తూములన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. విత్తనాల అప్పు, ఎరువుల అప్పు, ఆసుపత్రి ఖర్చు. ఆషాఢానికి చెరువు అడుగంటుతుంది. చేలో విత్తనం పడింది, ఇంట్లో గింజ లేదు.

నా చిన్నప్పుడు కొర్ర, సజ్జ, కంది, అలసంద కలిపి వేసేవాళ్ళం. ఒకటి పోయినా ఒకటి దక్కేది. తర్వాత ఎటు చూసినా శెనక్కాయే అయింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగే వేళకు వాన మొహం చాటేస్తే ఆ ఏడు చెరువు నిండనట్టే. కష్టపడక ఆకలితో ఉన్నారని ఎవరైనా అంటే నమ్మొద్దు తల్లీ.

1952 కరువులో రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టారు. మా నాన్న సత్తు గిన్నె పట్టుకుని అక్కడ వరసలో నిలబడ్డాడట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాయి. 2013 ఆహార భద్రతా చట్టంతో కార్డులో పేరున్న మనిషికి నెలకు 5 కిలోలు హక్కయింది, 2023 నుంచి ఉచితం. చెరువులోకి పైనుంచి ఒక కాలువ తవ్వినట్టు, గొప్ప పని ఇది. అయితే బియ్యంతో కడుపు నిండుతుంది, ఒంటికి బలం రావాలంటే పప్పు, పాలు, గుడ్డు, ఆకుకూర కావాలి. అవి కొనాలి.

నీళ్ళు తక్కువైన ఏడు ముందు ఎండేది ఆయకట్టు చివరి మడి. ఇంట్లో ఆ చివరి మడి అమ్మ. మా అమ్మ అందరూ తిన్నాక సంగటి కుండలో నీళ్ళు పోసి, గరిటెతో అడుగంతా గీకి, ఇంత ఉప్పేసి తాగేది. తెల్లగా ఉంటే మజ్జిగ అనుకునేవాణ్ణి. "నాకు ఆకలి లేదురా" అనేది. వానాకాలం గట్ల వెంట గురుగాకు, చెంచలాకు కోసుకొచ్చి ఆ కుండలో మాకు పులుసు చేసేది, ఎంత రుచో! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని ఆడవాళ్ళలో వందకు 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. 15 నుంచి 49 ఏళ్ళ మధ్యవాళ్ళ లెక్క అది. చివరి మడి ఎండిపోవడమంటే అదే.

ఇంకా వివరంగా చెప్పొచ్చు గానీ, నువ్వే చూడు. ఈ రాత్రి మీ ఇంట్లో ఎవరు ఎప్పుడు తిన్నారో, కూర గిన్నెలో చివరికి ఎవరికేం మిగిలిందో గమనించు. రేపు నువ్వు వడ్డించు, అమ్మను ముందు కూర్చోబెట్టు. ఏమందో నాకు రాయి.

మీ తాతయ్య