డ్రోన్‌కి ఏమీ కనిపించలేదంటే దారి సేఫ్ అని కాదు

మందుపాతరలు వెతికే డ్రోన్ టీమ్‌లకు ట్రైనింగ్ ఇవ్వడం నా పని. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు: "సార్, డ్రోన్ తిప్పాం, స్క్రీన్ మీద ఏమీ లేదు. ఇక బండ్లు పంపొచ్చా?"

పంపకూడదు. ఈ రంగంలో ప్రాణాలు తీసే అపోహ ఇదే, అందుకే ఎక్కువగా దీని గురించే చెబుతాను.

మామూలు కెమెరా భూమి లోపలికి చూడదు. పాతినవాడు వదిలిన ఆనవాళ్లనే చూస్తుంది: కొత్తగా తవ్విన మట్టి, వాడిన గడ్డి, పైకి తేలిన వైరు, నిన్నటి ఫొటోలో లేని మచ్చ. నాలుగు వానలు పడి మట్టి సర్దుకుంటే ఆ గుర్తులు పోతాయి. పాతర మాత్రం పోదు.

థర్మల్ కెమెరా ఉంది కదా అంటారు. అది పట్టేది ఉష్ణోగ్రతలో తేడాని. తవ్వి పూడ్చిన మట్టి, పక్కనున్న గట్టి నేల ఒకే వేగంతో వేడెక్కవు, చల్లారవు. అయితే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రెండూ సమానమై ఆ తేడా దాదాపు మాయమవుతుంది. ఒకసారి మైదానంలో డమ్మీలు పాతించి, కావాలనే అలాంటి వేళలో ఓ కుర్రాడితో డ్రోన్ ఎగరేయించాను. "క్లియర్ సార్" అన్నాడు ధీమాగా. కాసేపాగి అదే దారి మీద మళ్లీ తిప్పమన్నాను. మచ్చలు ఒక్కొక్కటే తేలుతుంటే వాడికి నోట మాట రాలేదు. ఇప్పుడు వాడి రిపోర్టుల్లో ఎగరేసిన టైమ్, ఎత్తు, నేల తీరు తప్పకుండా ఉంటాయి.

మాగ్నెటోమీటర్ కట్టి పంపినా అది పట్టేది ఇనుమునే. సోవియట్ పీఎఫ్‌ఎం-1 అనే చిన్న మందుపాతరనే చూడండి: సుమారు 75 గ్రాముల బరువు, ప్లాస్టిక్ ఒళ్లు. అది నేల మీదే పడి ఉంటే, పక్కనున్న రాళ్ల కంటే త్వరగా వేడెక్కుతుంది కాబట్టి తెల్లవారాక డ్రోన్ థర్మల్ కెమెరాతో గుర్తించొచ్చని అమెరికాలోని బింగ్‌హామ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు. గడ్డి దట్టంగా కప్పేస్తే ఆ పద్ధతీ కష్టమే.

మిగతా అపోహలు చకచకా. భూమిలోకి తరంగాలు పంపే రాడార్ ఉన్నా, తడి బంకమట్టి వాటిని మింగేస్తుంది. ఏఐ అనుమానమున్న చోట్ల చుట్టూ స్క్రీన్ మీద గళ్లు గీస్తుంది, అందులో రాయేదో పాతరేదో తేల్చాల్సింది మనిషే. కుక్కలతో ఇక పని లేదా? పేలుడు పదార్థం వాసన ఏ కెమెరాకి తెలుస్తుంది! ఇక వాట్సాప్‌లో తిరిగే, భూమిలో బాంబులు ఎర్రగా మెరిసే ఆ వీడియోలు గ్రాఫిక్స్. దయచేసి నాకు పంపకండి.

జవాన్ల ఇళ్ల నుంచి ఫోన్లు వస్తాయి: "డ్రోన్ ఉంది కదండీ, మా అబ్బాయికి ఏం కాదుగా?" వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఏం కాదని మాటివ్వలేను. ఒకప్పుడు అనుమానమున్న చోటికి ముందు మనిషే నడిచి వెళ్లేవాడు, ఇప్పుడు డ్రోన్ దూరం నుంచే ఆ చోటు చూపిస్తే చాలాసార్లు రోబోని పంపుతున్నాం, మీవాడు వెనక ఆగుతున్నాడు అని చెబుతాను.