చేదు ఆకులో లేదు, నీళ్ల వేడిలో ఉంది: జపాన్ గ్రీన్ టీ అపోహలు - వాస్తవాలు

టోక్యోలో ఒక టీ దుకాణంలో, వచ్చినవాళ్లకు రుచి చూపించే బల్ల దగ్గర నా ఉద్యోగం. మనవాళ్లూ బాగానే వస్తారు. ఐటీ ఉద్యోగులు, చదువుకునే పిల్లలు, కొడుకునో కూతురునో చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు. దేశం ఏదైనా, వయసు ఏదైనా, కప్పు చేతికివ్వగానే చాలామంది కషాయం తాగబోయే మొహం పెడతారు. "చేదుగా ఉంటుంది కదండీ, మెల్లగా అలవాటు చేసుకోవాలి" అంటారు. రోజూ ఇదే మాట. నోటితో చెప్పి చెప్పి అలిసిపోయి, ఇక రాసి పెడుతున్నాను.

అపోహ: గ్రీన్ టీ సహజంగానే చేదు, ఓర్చుకుని తాగితే కొన్నాళ్లకు నచ్చుతుంది

ఇలా ఓర్చుకుని ఇష్టపడ్డవాళ్లు నాకింతవరకు తారసపడలేదు. ఓర్చుకున్నవాళ్లంతా నెల తిరగకుండా మానేసినవాళ్లే. ఇష్టపడ్డవాళ్లను అడిగి చూడండి, ఎక్కడో ఒకచోట ఎవరో సరిగ్గా చేసి ఇచ్చిన కప్పు తాగి ఉంటారు.

ఆకులో ఉన్నవి ప్రధానంగా మూడు. వగరు కాటెకిన్లది. చేదు కెఫీన్‌ది, దానికి కాటెకిన్లూ తోడవుతాయి. తియ్యదనం, నాలుక మీద నిలిచే కమ్మదనం థియనైన్ లాంటి అమైనో ఆమ్లాలవి. మూడూ ఒకే ఆకులో ఉన్నా ఒకే వేడికి దిగవు. థియనైన్ గోరువెచ్చని నీళ్లలోకే కాదు, చన్నీళ్లలోకి కూడా సులువుగా దిగుతుంది. కాటెకిన్లు, కెఫీన్ మాత్రం నీళ్లు ఎంత వేడెక్కితే అంత ఎక్కువగా, అంత త్వరగా దిగుతాయి. సలసల కాగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు వదిలేస్తే కమ్మదనం కప్పులోనే ఉంటుంది, వగరూ చేదూ దాన్ని నాలుకకు తెలియనివ్వవు. అంతే జరిగేది. ఆకుదేం తప్పు?

మన ఇంట్లో టీ పొడిని అరగంట మరిగించినా ఏమీ కావడం లేదు కదా అంటారు. అస్సాం సీటీసీ పొడి సంగతి వేరు. ఫ్యాక్టరీలో ఆకును నలిపి గాలికి వదిలినప్పుడే అందులోని కాటెకిన్లలో చాలా భాగం థియాఫ్లావిన్ల వంటి పదార్థాలుగా మారిపోతాయి. ఆపైన పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ మిగిలిన వగరును పట్టేసుకుంటుంది. జపాన్‌లో మామూలుగా తాగే గ్రీన్ టీ అయిన సెంచాకు ఈ రెండు రక్షణలూ లేవు. కోసిన ఆకును వెంటనే ఆవిరి పట్టి ఆ మార్పును మొదట్లోనే ఆపేస్తారు. మామూలు సెంచాకు ఆవిరి అర నిమిషం పైచిలుకు, ఫుకాముషి సెంచాకు నిమిషం నుంచి రెండు నిమిషాల దాకా. క్యోటో దగ్గరి ఉజితవారాలో నగతాని సోఎన్ 1738లో ఈ ఆవిరి పట్టి, వేడి మీద చేత్తో నలిపి ఆరబెట్టే పద్ధతికి రూపమిచ్చాడు. పచ్చటి రంగు, పచ్చి పరిమళం దాని పుణ్యమే. కాటెకిన్లు చెక్కుచెదరకుండా మిగిలిపోవడం కూడా దాని వల్లే. అలాంటి ఆకును పొయ్యి మీద పెట్టి మరిగిస్తే ఊరుకుంటుందా?

ఈ అపోహకు జనం చెల్లించే మూల్యం తక్కువేమీ కాదు. ఒక అబ్బాయి తొలి జీతం రాగానే విజయవాడలో ఉన్న మేనత్తకు గ్యోకురో పంపించాడు. కోతకు ముందు దాదాపు 20 రోజులు చెట్లకు నీడ పట్టి పెంచే ఆకు అది. ఎండ తగిలితే థియనైన్ కాటెకిన్లుగా మారిపోతుందని అంత శ్రమ పడతారు. ఆవిడ పాపం మర్యాదగా అల్లం దంచి వేసి, పాలు పోసి, రెండు పొంగులు రానిచ్చారు. తర్వాత వీడియో కాల్‌లో, "ఏం నాయనా, ఇంత దూరం నుంచి పసరు పంపావు?" అని అడిగారట. ఆ అబ్బాయి నవ్వుతూనే చెప్పాడు గానీ నాకు మాత్రం కడుపు తరుక్కుపోయింది. ఆవిడను అనడానికి ఏమీ లేదు. పెట్టె మీద ఉన్నదంతా జపనీస్‌లో ఉంది, డబ్బు తీసుకున్నవాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు.

సరే, చేసేదెలాగో చూడండి. ఒక మనిషికి మూడు నాలుగు గ్రాముల సెంచా, 120 మిల్లీలీటర్ల నీళ్లు. నీళ్లు బాగా కాచి, పింగాణీ కప్పులో పోయండి. ఒక పాత్ర నుంచి మరో పాత్రలోకి మార్చిన ప్రతిసారీ వేడి సుమారు పది డిగ్రీలు తగ్గుతుంది. కెటిల్ నుంచి కప్పుకు, అక్కడి నుంచి ఇంకో కప్పుకు, మళ్లీ మొదటి కప్పుకు మారిస్తే 70 డిగ్రీల దరిదాపుల్లోకి వస్తుంది. థర్మామీటర్ అక్కర్లేదు. ఆ నీళ్లు ఆకు మీద పోసి ఒక నిమిషం ఆగండి, ఫుకాముషి అయితే అర నిమిషం చాలు. కలపొద్దు, పాత్రను గిలకొట్టొద్దు. తర్వాత వడకట్టేటప్పుడు ఆఖరి చుక్క దాకా వంపేయండి. ఈ ఆఖరి మాటే ఎవరూ పట్టించుకోరు. పాత్ర అడుగున నీళ్లు మిగిలితే ఆకు అందులో నానుతూనే ఉంటుంది, రెండో కప్పు విషమవుతుంది. నీళ్లు పూర్తిగా వంచేస్తే అదే ఆకుతో రెండోసారి, మూడోసారి కూడా తాగొచ్చు. రెండోసారికి నీళ్లు కాస్త వేడిగా ఉండాలి, పది పదిహేను సెకన్లకు మించి ఆగకూడదు. క్యూసు, అంటే పిడి ఉన్న జపాన్ టీ పాత్ర, లేదని ఆగిపోకండి. మూతున్న చిన్న గిన్నె, సన్న జల్లెడ ఉంటే పని జరిగిపోతుంది.

ఇంత తతంగం మా వల్ల కాదంటారా? లీటరు చన్నీళ్లలో పది గ్రాముల ఆకు వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు గంటల తర్వాత వడకట్టుకోండి. చన్నీళ్లలో చెడగొట్టడానికి దారే లేదు. వేసవిలో హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

నామాట నమ్మనివాళ్ల కోసం బల్ల మీద మూడు కప్పులు పెడతాను. ఒకటి మరిగే నీళ్లది, ఒకటి 70 డిగ్రీలది, ఒకటి ఆకు మీద మంచు ముక్కలు పెట్టి కరగనిచ్చినది. ఒకసారి కూతురుతో వచ్చిన ఒక పెద్దాయనకు ఇలాగే ఇచ్చాను. షుగర్ ఉందని ఎవరో చెబితే రోజూ పొద్దున్నే ముక్కు మూసుకుని గ్రీన్ టీ తాగుతున్నారట. మొదటి కప్పు తాగి, "ఆఁ, ఇదే" అన్నారు. రెండోది తాగి కప్పు లోపలికి తొంగి చూశారు. మంచు మీదది చెంచాడే ఉంటుంది, అది నాలుక మీద వేసుకుని చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "ఏమ్మా, ఇది కందికట్టులా ఉందేమిటి? మూడూ వేరు వేరు ఆకులు పెట్టి మమ్మల్ని ఆడిస్తున్నావు కదూ" అన్నారు. "ఒకటే డబ్బా బాబాయ్ గారూ" అని డబ్బా మూత తీసి చేతికిచ్చాను. వాసన చూశారు, మూడు పాత్రల్లోని ఆకును చెంచాతో తిరగేసి మరీ చూశారు. అంతా అయ్యాక ఆయన కొనుక్కున్నది సెంచా కాదు, పక్కన ఎవరికో చేస్తున్న హోజిచా. వాసన అటు లాక్కుపోయిందట. నాకేమీ బాధ కలగలేదు, ఎందుకో కిందే చెబుతున్నాను.

అపోహ: ఖరీదైన దానితో మొదలుపెడితేనే అసలు రుచి తెలుస్తుంది

కొత్తవాళ్లకు గ్యోకురో ఇవ్వడం దండగ. 50 - 60 డిగ్రీల నీళ్లతో చిక్కగా, గుక్కెడంత చేసుకునే టీ అది. టీ అనుకుని నోట్లో పోసుకున్నవాళ్లకు పులుసు తగిలినట్టుంటుంది. చాలామందికి మొదట నచ్చేవి హోజిచా, గెన్మైచా. హోజిచాను వేయిస్తారు కాబట్టి వగరు తగ్గి, కమ్మటి మాడు వాసన వస్తుంది. మరిగే నీళ్లు పోసినా తట్టుకుంటుంది, పాలు పోసినా బాగుంటుంది. గెన్మైచాలో వేయించిన బియ్యం, పేలిన గింజలు కలుస్తాయి. ఆ వాసన మనకు కొత్తేమీ కాదు. రెండూ చవక. ఇవి తాగి, ఆ తర్వాత చల్లటి సెంచాకు, ఆపైన వేడి సెంచాకు వచ్చినవాళ్లు నిలబడతారు. గ్యోకురో ఎక్కడికీ పోదు.

అపోహ: జపాన్‌వాళ్లకు పుట్టుకతోనే ఈ రుచి పట్టుబడుతుంది

లేదు. ఇక్కడి పిల్లలు పెరిగేది బార్లీతో చేసే ముగిచా, లేదంటే హోజిచా తాగి. క్యూసు లేని ఇళ్లూ చాలానే ఉన్నాయి. ఇతోఎన్ కంపెనీ 1985లో డబ్బా టీని, 1990లో ప్లాస్టిక్ సీసా టీని తెచ్చినప్పటి నుంచి చాలామంది కుర్రకారుకు గ్రీన్ టీ అంటే వెండింగ్ మెషీన్‌లో దొరికే చల్లటి సీసాయే. మా బల్ల దగ్గర 70 డిగ్రీల సెంచా తాగి నోరెళ్లబెట్టే జపాన్‌వాళ్లు రోజుకొకరైనా ఉంటారు.

అపోహ: గ్రీన్ టీలో కెఫీన్ ఉండదు

ఉంటుంది. జపాన్ ప్రభుత్వ ఆహార పట్టిక ప్రకారం 100 మిల్లీలీటర్లకు కాఫీలో 60 మిల్లీగ్రాములు, సెంచాలో 20, హోజిచాలో 20, గెన్మైచాలో 10. చిక్కగా చేసే గ్యోకురోలో 160. రాత్రి తొమ్మిదింటికి గ్యోకురో తాగి, నిద్ర పట్టడం లేదని మా దుకాణానికి ఫోన్ చేయకండి.

అపోహ: తాగితే బరువు తగ్గుతాం, ఎంత తాగితే అంత మంచిది

ఫోన్లలో తిరిగే సందేశాలు చదివి వచ్చేవాళ్ల మీద నాకు కోపం లేదు, ఆ సందేశాలు పుట్టించేవాళ్ల మీద ఉంది. బరువు విషయంలో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2012 నాటి సమీక్ష పరీక్షలన్నీ కలిపి చూసి, తగ్గేది లెక్కలోకి రానంత స్వల్పమని తేల్చింది. గాఢమైన కాటెకిన్ మాత్రలు మింగడం ఇంకా చెడ్డ పని. రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీని (గ్రీన్ టీలోని ముఖ్యమైన కాటెకిన్) మాత్రల రూపంలో తీసుకుంటే కాలేయానికి చేటు జరిగే సూచనలు ఉన్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. మాత్ర వేరు, కప్పు వేరు. రక్తహీనత ఉందని, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నామని భయంభయంగా అడిగే ఆడవాళ్లు చాలామంది ఉంటారు. భయపడకండమ్మా, భోజనంతోనూ మాత్రతోనూ కలిపి మాత్రం తాగకండి, మధ్యలో గంటా రెండు గంటలు ఎడం ఉంచండి. కాటెకిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు, పాలు పోసిన మన టీ కూడా ఇందుకు మినహాయింపు కాదు. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్ వాడేవాళ్లు మాచ్చా జోలికి వెళ్లేముందు డాక్టరును అడగాలి, మాచ్చా అంటే ఆకును పొడి చేసి మొత్తంగా మింగడమే కాబట్టి విటమిన్ కె కూడా లోపలికి వెళ్లి ఆ మందు పనిని తగ్గిస్తుంది.

మందుగా అమ్మడం కొత్తేమీ కాదు. 1214లో తాగిన మత్తు దిగక బాధపడుతున్న షోగున్ (సైనిక పాలకుడు) సనెతోమోకు ఎయిసాయి అనే బౌద్ధ భిక్షువు టీ ఇచ్చి, దాంతోపాటు టీ గొప్పతనం మీద తాను రాసిన పుస్తకం కూడా అందించాడు. అంతమాత్రాన 800 ఏళ్లుగా జనం తాగుతున్నది మందనుకునా?

అపోహ: పంచదార వేస్తే పాపం

ఎవరు చెప్పారు? 19వ శతాబ్దం చివర్లో జపాన్ టీ ఎక్కువగా వెళ్లింది అమెరికాకు, అక్కడివాళ్లు దాన్ని పాలూ పంచదారా వేసుకునే తాగారు. క్యోటో, ఉజి వైపు తీపి మాచ్చా చల్లగా చేసుకుని తాగడం మామూలు. మీ కప్పు, మీ ఇష్టం.

అపోహ: టీ ఆకు ఎన్నాళ్లయినా నిలవ ఉంటుంది

ఉండదు. తేమ, వెలుతురు, వేడి, పక్కవాసన, ఈ నాలుగూ దాన్ని చంపుతాయి. మసాలా అరలో ఇంగువ డబ్బా పక్కన పెట్టిన సెంచాకు రెండు వారాల్లో ఇంగువ వాసన పడుతుంది. తెరవని ప్యాకెట్‌ను ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, బయటకు తీశాక చల్లదనం పోయేదాకా తెరవకండి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది. నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. జపాన్ నీళ్లు మెత్తన, అంటే ఖనిజాలు తక్కువ. బోరు నీళ్లలో ఉండే కాల్షియం రుచిని చప్పబరుస్తుంది, ఆర్‌ఓ నీళ్లు వాడండి. తెరిచిన ప్యాకెట్ నెల, నెలన్నరలో అయిపోవాలి. అందుకే మొదటిసారి వచ్చి వంద గ్రాములు అడిగినవాళ్లకు యాభై గ్రాములదే చాలంటాను. మా యజమానికి నా ఈ అలవాటు అంతగా నచ్చదు.