మారిషస్: సంతకాల మీద నిలిచిన దీవి

2025 మే 22న బ్రిటన్ ప్రధాని కీర్ స్టార్మర్, మారిషస్ ప్రధాని నవీన్ రామ్‌గులామ్ హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల ఒప్పందంపై సంతకాలు చేశారు. దాని ప్రకారం చాగోస్‌పై సార్వభౌమత్వం మారిషస్‌ది. అక్కడి డియెగో గార్సియా దీవిలో ఉన్న అమెరికా, బ్రిటన్ సైనిక స్థావరం మాత్రం మరో 99 ఏళ్లు అక్కడే ఉంటుంది. అందుకు బ్రిటన్ ఏటా సగటున 10.1 కోట్ల పౌండ్లు చెల్లించాలి. వలస పాలన చివరి ముడి వీడిందని కొందరు, చైనాను దృష్టిలో పెట్టుకున్న ఎత్తుగడ అని మరికొందరు రాశారు. మారిషస్ వైపు నుంచి చూస్తే ఇది పాత వరసలోనిదే. ఆ దీవి జనం, పంట, ఆదాయం రెండు శతాబ్దాలుగా ఎక్కడో దూరాన రాసుకున్న కాగితాలను బట్టే మారుతూ వచ్చాయి.

మడగాస్కర్‌కు తూర్పున, అగ్నిపర్వతాల లావాతో ఏర్పడిన దీవి ఇది. చుట్టూ పగడపు దిబ్బలు. రాడ్రిగ్స్ వంటి చిన్న దీవులను కలుపుకున్నా విస్తీర్ణం 2,040 చదరపు కిలోమీటర్లే, జనాభా పన్నెండు లక్షల పైచిలుకు. ఖనిజాలు లేవు, చమురు లేదు. అసలు ఆదివాసులే లేరు. 1638లో డచ్చివాళ్లు స్థిరపడేనాటికి ఇక్కడున్నది అడవి, తాబేళ్లు, ఎగరలేని డోడో పక్షి. ఆ శతాబ్దం ముగిసేలోపే డోడో అంతరించింది. 1715 నుంచి ఫ్రెంచివాళ్లు ఏలారు. 1810లో బ్రిటిష్ సేనలు గెలిచాయి గానీ, లొంగుబాటు షరతుల్లో స్థానికుల చట్టాలు, మతం, ఆచారాలు అలాగే ఉండనిస్తామని మాటిచ్చాయి. నేటికీ అక్కడ పార్లమెంటు ఇంగ్లిష్‌లో, పత్రికలు ఎక్కువగా ఫ్రెంచిలో, ఇళ్లు ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ అనే స్థానిక భాషలో నడుస్తున్నాయంటే ఆ షరతుల పాత్ర చిన్నది కాదు.

1825లో లండన్ తీసుకున్న ఒక సుంకం నిర్ణయం దీవి రూపాన్నే మార్చింది. అప్పటిదాకా వెస్టిండీస్ చక్కెర కంటే మారిషస్ చక్కెరపై బ్రిటన్‌లో సుంకం ఎక్కువ. దాన్ని సమానం చేయగానే అడవులు నరికి చెరకు వేశారు. తుపానుకు వంగినా మళ్లీ లేచే పైరు కాబట్టి అది ఆ వాతావరణానికి సరిపోయింది. చేలలో ఇప్పటికీ కనిపించే నల్లరాళ్ల గుట్టలు, కూలీలు లావా నేలలోంచి చేతులతో ఏరి పేర్చినవి.

ఆ కూలీలెవరు? మొదట ఆఫ్రికా, మడగాస్కర్ బానిసలు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయినప్పుడు దీవిలోని యజమానులకు బ్రిటన్ దాదాపు 20 లక్షల పౌండ్ల పరిహారమిచ్చింది. బానిసలకు ఒక్క పెన్నీ దక్కలేదు. అంతకు కొద్ది నెలల ముందే, 1834 నవంబరు 2న, అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మందిని తెచ్చింది. ఐదేళ్ల ఒప్పందం, మగవారికి నెలకు ఐదు రూపాయలు, తిండిగింజలు, బట్టలు. తర్వాతి ఎనభై ఏళ్లలో అలా వచ్చినవారు సుమారు నాలుగున్నర లక్షలు. 1861 నాటికే జనాభాలో దాదాపు మూడింట రెండు వంతులు భారతీయులు. కాగితంపై అది స్వేచ్ఛగా కుదిరిన ఒప్పందం. చేలో దాని అర్థం వేరు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. గడువు తీరినవారు సైతం ఫొటో అంటించిన పాసు లేకుండా తిరిగితే జైలు. ఆడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోటయజమాని 1871లో కూలీల తరఫున అర్జీ పెడితే తెల్లదొరలు అతని మీదే విరుచుకుపడ్డారు. ఆ అర్జీ వల్లే బ్రిటన్ వేసిన రాయల్ కమిషన్ విచారణకు వచ్చింది.

ఈ ఓడలకు తెలుగుతీరం కొత్త కాదు. గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల వారు కాకినాడ దగ్గరి కోరంగి రేవు మీదుగా వెళ్లారు. అందుకే మారిషస్‌లో తెలుగువారిని చాలాకాలం కోరింగీలన్నారు. 1839 తుపాను ఆ రేవును ధ్వంసం చేసింది, వలస మాత్రం ఆగలేదు. వారి సంతతి ఇంట్లో క్రియోల్ మాట్లాడుతుంది. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజనలు వదల్లేదు. ఉగాది అక్కడ జాతీయ సెలవు దినం. మన రాష్ట్రాల్లో తెలుగు మాధ్యమం గురించి వాదులాడుకునేవారు ఒకసారి అక్కడి బడుల్లో తెలుగు పాఠాన్ని చూసి రావచ్చు.

కూలీల పిల్లలు రాత్రిళ్లు బైఠకలలో, అంటే ఊరివాళ్లు కూడే గదుల్లో, అక్షరాలు దిద్దారు. ఏదో ఒక భాషలో చదవడం, రాయడం వస్తే చాలు ఓటు అని 1948లో నిబంధన సడలడంతో ఆ అక్షరాలే రాజకీయ బలమయ్యాయి. ఆ బలంతో ఎదిగిన నాయకుడు శివసాగర్ రామ్‌గులామ్ 1965 సెప్టెంబరులో స్వాతంత్ర్య చర్చలకు లండన్ వెళ్లారు. బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ ఆయనను విడిగా కలిశారు. స్వాతంత్ర్యం వస్తుందన్న ఆశ, రాదేమోనన్న భయం రెండూ కలిగించాలన్నది అధికారులు విల్సన్‌కు రాసిచ్చిన సలహా సారాంశం. అప్పటిదాకా మారిషస్‌లో భాగంగా ఉన్న చాగోస్ 30 లక్షల పౌండ్లకు విడిపోయి బ్రిటన్ చేతిలో ఉండిపోయింది. అక్కడి కొబ్బరితోటల్లో తరాలుగా బతికినవారిని, సుమారు 1,500 నుంచి 2,000 మందిని, సైనిక స్థావరం కోసం 1973లోగా ఖాళీ చేయించి మారిషస్, సీషెల్స్ రేవుల్లో దించారు. ఈ బేరాన్ని రామ్‌గులామ్ తలకెత్తుకోక తప్పిందా అన్నది అక్కడ ఇంకా తెగని వాదన. నాకైతే, తల మీద కత్తి పెట్టి అడిగిన దాన్ని అంగీకారం అనడం కష్టం.

1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. దండియాత్ర మొదలైన రోజని ఆ తేదీని ఎంచుకున్నారు. ఈ దేశం చెరకు మీదే బతుకుతూ పెరిగే జనాభాను మోయలేదని ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ 1961లోనే హెచ్చరించారు. అది తప్పడానికి కారణం ఇంకో కాగితం. ఐరోపా తన మాజీ వలసదేశాలతో చేసుకున్న 1975 నాటి లోమే ఒప్పందంలోని చక్కెర అనుబంధం ఏటా దాదాపు ఐదు లక్షల టన్నుల మారిషస్ చక్కెరను ప్రపంచ ధర కంటే చాలా ఎక్కువకు ఐరోపా కొనేలా చేసింది. ఆ డబ్బు వస్త్ర కర్మాగారాల్లోకి, సముద్రతీర హోటళ్లలోకి పారింది. మారిషస్ వంటి దేశాలకు కలిసొచ్చిన వస్త్ర దిగుమతుల కోటాలు 2005లో పోయాయి. 2006 నుంచి ఐరోపా చక్కెర ధరను 36 శాతం కోసింది. అప్పటికే మూడో ఆసరా ఉంది: 1982లో భారత్‌తో కుదిరిన పన్ను ఒప్పందం. మారిషస్ కంపెనీ పేరిట భారత్‌లో షేర్లు అమ్మితే వచ్చే లాభంపై భారత్‌లో పన్ను ఉండేది కాదు, మారిషస్‌లో అసలే ఉండేది కాదు. 1991 తర్వాత భారత్‌కు వచ్చిన విదేశీ పెట్టుబడిలో దాదాపు మూడో వంతు కొన్నేళ్లపాటు ఆ చిన్న దీవి చిరునామాతోనే వచ్చింది. 2016లో మన ప్రభుత్వం ఆ వెసులుబాటును సవరించింది.

చాగోస్ పేచీ ఈలోగా కోర్టులకెక్కింది. ఆ విభజన చట్టబద్ధం కాదని 2019 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం సలహా అభిప్రాయం చెప్పింది. ఆ మేలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 116-6 ఓట్లతో మారిషస్‌ను సమర్థించింది. 2025లో సంతకం చేసిన నవీన్, 1965లో లండన్ వెళ్లిన శివసాగర్ కొడుకే. ఒప్పందం ప్రకారం తొలి మూడేళ్లు ఏటా రావలసిన 16.5 కోట్ల పౌండ్లను అప్పు తీర్చడానికి వాడాలని ఆయన ప్రభుత్వం బడ్జెట్‌లో తలపెట్టింది. చాగోస్ వాసుల కోసం 4 కోట్ల పౌండ్ల నిధి ఒప్పందంలో విడిగా ఉంది. డియెగో గార్సియా తప్ప మిగతా దీవుల్లో వారిని తిరిగి స్థిరపరిచే అవకాశం మారిషస్‌కు ఉంటుంది. చాలామంది చాగోస్ వాసులు ఇంగ్లండ్‌లోని క్రాలీ పట్టణంలో ఉంటున్నారు. కొందరు ఒప్పందాన్ని స్వాగతించారు. మిగతావారి ఫిర్యాదు సూటిగా ఉంది: 1965లోనూ తమను అడగలేదు, ఇప్పుడూ అడగలేదు.