తుప్పు తోమకండి, కన్నం చూడండి

"జపాన్‌లో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఒక ఇనుప బిళ్ళ తెచ్చాడు. మధ్యలో కన్నం, చుట్టూ కొంగల బొమ్మలు, ఒంటినిండా తుప్పు. చింతపండు పెట్టి తోమితే మెరుస్తుందా?" అని ఒకావిడ అడిగారు. చదవగానే నాకు టెన్షన్ వచ్చింది. మెరుస్తుందండీ, అదే భయం!

ఆ బిళ్ళ పేరు త్సుబా. సమురాయ్ కత్తికీ పిడికీ మధ్య ఉంటుంది, చెయ్యి జారి పదునుమీదికి పోకుండా ఆపుతుంది. ఏడెనిమిది సెంటీమీటర్లు, వంద గ్రాములకు కాస్త అటూ ఇటూ. 1876లో జపాన్‌లోని మెయిజీ ప్రభుత్వం సైనికులు, పోలీసులు లాంటి కొందరు తప్ప ఎవరూ కత్తి కట్టుకు తిరగకూడదని ఆజ్ఞ ఇచ్చింది. కత్తులనుంచి ఊడిన త్సుబాలు గుట్టలుగా యూరప్, అమెరికాలకు పోయాయి. చరిత్ర ఇంతటితో చాలు, నాకు తుప్పు గురించి చెప్పాలని ఉంది.

బడిలో మూడు గాజు గొట్టాల్లో మూడు మేకులు వేసి, నీరూ గాలీ కలిస్తే తుప్పు అని చెప్పి ఆపేస్తారు, తుప్పంతా ఒకటే అయినట్టు. కాదు. వేలు పెడితే అంటుకునే నారింజ రంగు పొడి లెపిడోక్రోసైట్. ఏళ్లు గడిచేకొద్దీ అందులో చాలా భాగం గోథైట్ అవుతుంది. రెండింటి ఫార్ములా ఒకటే, పరమాణువుల అమరికే వేరు. మొదటిది గుల్ల, రెండోది బిగువు. గుల్లగా ఉన్నదానితో ఇంకో చిక్కు ఉంది. తడి తగిలితే అది తానే ఆక్సిజన్ చేసే పని చేస్తుంది, ఇనుము వదిలే ఎలక్ట్రాన్లను పుచ్చుకుంటుంది, ఆరాక గాలిలోని ఆక్సిజన్‌తో మళ్లీ తయారవుతుంది, మళ్లీ తడి తగిలితే మళ్లీ అదే తంతు. చేతి చెమటలోని ఉప్పు దీనికి ఇంకా ఊతం. అంటే పొడి తుప్పు ఇనుమును తింటుంది, గట్టిపడిన నల్లటి తుప్పు కాస్తుంది. త్సుబా చేసినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు, అందుకే కావాలనే తుప్పు పట్టించి ముదురు రంగు తెప్పించేవారు. ఆ నలుపు మురికి కాదు, పనివాడి చేతిపనే.

దోసె పెనం గుర్తు తెచ్చుకోండి. ఏళ్ల తరబడి నూనె కాగి కాగి పెనానికి నల్లటి పొర కడుతుంది, ఆ పొర ఉంటేనే దోసె లేస్తుంది. కొత్త కోడలు మంచి ఉద్దేశంతోనే పీచు పెట్టి తెల్లగా తోమిన రోజు ఇంట్లో ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. అక్కడ నూనె పొర, ఇక్కడ ఆక్సైడ్ పొర, రెంటికీ కాలమే ఖరీదు. పెనం పొర నెలలో మళ్లీ కడుతుంది, త్సుబాది మన తరంలో తిరిగి రాదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లానికి మంచి తుప్పూ చెడ్డ తుప్పూ తేడా తెలియదు, రెంటినీ కరిగించేస్తుంది. ఇత్తడి చెంబుకు అది సరైన మందే. ఇక్కడ మాత్రం బోసి ఇనుము బయటపడి, వానాకాలమైతే తెల్లారేసరికి ఎర్రబడుతుంది.

మరి ఆ ఎర్రపొడి? పాతవాళ్లు జింక కొమ్ముతో గీకుతారు. అది పొడి తుప్పుకంటే గట్టిది, ఇనుముకంటే మెత్తన. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింక కొమ్ము అమ్మకాలు నేరం, కాబట్టి చెక్కిన వెదురు పుల్లతో సరిపెట్టుకోండి. తర్వాత పొడి నూలుగుడ్డతో రోజూ కాసేపు రుద్దడం, అంతే. అన్ని త్సుబాలూ ఇనుపవి కావు. రాగిలో కాస్త బంగారం కలిపిన షకుదో అనే లోహం ఉంది, ప్రత్యేకమైన ద్రావణంలో ఉడికిస్తే నీలి నలుపు తేలుతుంది. మన బిద్రీ పనిలో లోహం నల్లబడి వెండి తీగె మెరుస్తుందే, చూడ్డానికి అలాగే ఉంటుంది, రసాయనం వేరు. దాన్ని గీకనే గీకకండి.

ఇక అసలా నకిలీనా? దారంతో వేలాడదీసి గోటితో కొట్టండి. సాగగొట్టిన ఇనుము ఖంగుమంటుంది, పోత ఇనుము టక్‌మని ఊరుకుంటుంది. పోత ఇనుములో కార్బన్ గ్రాఫైట్ రేకులుగా ఉండి కంపనాన్ని మింగేస్తుంది, లేత్ మెషిన్ దిమ్మెలు దాంతో పోసేది అందుకే. ఈ ఒక్కదాన్నే నమ్మకండి, పగులుంటే అసలుదీ మోగదు, ఉక్కు రేకు కోసి చేసిన నకిలీ హాయిగా మోగుతుంది. భూతద్దం తీసి చిల్లుల లోపలి గోడలు చూడండి. ఆకురాయి గీతలుంటే ఆశ ఉంది. పోత అతుకు గీత, బుడగల గుంటలు కనిపిస్తే అచ్చులో పోసిందే. చిన్నప్పుడు దిష్టికని మా దిండు కింద పెట్టిన ఇనుప ముక్కలాగా వాడుకోవచ్చు, నష్టం లేదు.

బొమ్మ చూసి మురిసిపోవడం మానేసి మధ్య కన్నం చూడాలని నేనెప్పుడూ చెబుతాను. సన్నటి కొస పైకి వచ్చేలా పట్టుకోండి, అది పదును వైపు. కత్తి మొదలు దూరేది అందులోంచే, కాబట్టి ఆ కన్నం ఒక్కో కత్తికి ఒక్కో రకంగా సరిపోవాలి. కత్తి మారినప్పుడల్లా అంచును ఉలితో నొక్కి బిగించేవారు, లేదా కొసల్లో మెత్తటి రాగి ముక్కలు దూర్చేవారు. ఆ గుర్తులుంటే బిళ్ళ నిజంగా కత్తికి ఎక్కి ఉండొచ్చని ఆశ. పక్కనున్న అర్ధచంద్రం చిల్లు చిన్న చాకుకి, మూడు వంపులది జుట్టు సర్దుకునే పుల్లకి. సంతకం ఉంటే సాధారణంగా కన్నానికి ఎడమ పక్కన, కత్తికి బిగించాక కనపడని చోట ఉంటుంది. నొబుయియే లాంటి పేరుమోసిన త్సుబా పనివాడి పేరు కనిపిస్తే సంతోషం కాదు, అనుమానం రావాలి. దొంగ సంతకాలు ఎక్కువగా పడేది అలాంటి పేర్లమీదే.

కాబట్టి అమ్మా, ఆ రాగి ముక్కలు ఉన్నాయేమో చూసి కన్నం ఫొటో దగ్గరగా తీసి పంపండి. చింతపండు చారుకి ఉంచండి.