తోక ఎత్తితే ఫోన్ మోగుతుంది

మూడేళ్ల కిందట కార్తీకంలో మా గేదె ఈనింది. ఆ టైముకి నేను సాల పక్కనే నులకమంచం మీద నిద్రపోతున్నాను. నాలుగు రాత్రులు మేలుకున్నాను, అయిదో రాత్రి కన్నంటుకుంది, అంతే. తెల్లారి చూస్తే దూడ ముక్కుకి పొర అలాగే అంటుకుని ఉంది, ఊపిరాడక చనిపోయింది. పక్కన మనిషుంటే అర నిమిషంలో తుడిచేసేదే. దూడ లేకపోతే గేదె ఓ పట్టాన పాలు చేపదు కదా, ఆ ఈత మొత్తం నానా తిప్పలు పడ్డాం. మాది చీపురుపల్లి దగ్గర పల్లె, ఉన్నవే రెండు గేదెలు.

అప్పట్నుంచి, పశువు ఎప్పుడు ఈనుతుందో ముందే చెప్పే పరికరాల గురించి దొరికిందల్లా చదువుతున్నాను. చదివే కొద్దీ అనిపించిందేంటంటే, ఇవి కొత్తగా కనిపెట్టిన గుర్తులేం లేవు. మా అమ్మ తోక మొదట్లో రెండువైపులా బొటనవేళ్లతో నొక్కి చూస్తుంది. మొన్నటిదాకా తాడులా బిగుసుకున్న చోటు మెత్తబడి గుంట పడిందంటే, "రాత్రికి ఈనేస్తాది, ఎటూ పోకు" అంటుంది. కటి దగ్గరి బంధనాలు హార్మోన్ల వల్ల వదులవడమే అది. నొప్పులు మొదలైతే గేదె పడుకుంటుంది, లేస్తుంది, తోక పక్కకెత్తి పెడుతుంది, నెమరు మానేస్తుంది. అమ్మకి తెలియని గుర్తు ఇందులో ఒక్కటీ లేదు, కాకపోతే అమ్మ నిద్రపోవాలి.

ఐర్లండ్‌లో తయారైన మూకాల్ అనే పరికరాన్ని తోకకి బిగిస్తారు. మన ఫోన్ అడ్డంగా తిప్పితే స్క్రీన్ కూడా తిరుగుతుంది చూడండి, అలాంటి కదలికల్ని పట్టే చిప్పే ఇందులోనూ ఉంటుంది. తోక పదేపదే లేస్తుంటే నొప్పులని లెక్కగట్టి, ఈనడానికి గంట ముందు ఫోన్‌కి మెసేజ్ పంపాలన్నది దాని ఉద్దేశం. మెడ పట్టీలు వేరే రకం, అవి నెమరు లెక్కపెడతాయి. రోజుకి ఏడెనిమిది గంటలు నెమరువేసే ఆవు ఈనే రోజు బాగా తగ్గించేస్తుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం యోనిమార్గంలో పెట్టే థర్మామీటరు. చూడిని నిలబెట్టే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ చివర్లో పడిపోతుంది, దాంతోపాటు ఒంటి వేడి కూడా చివరి రోజు సుమారు అర డిగ్రీ సెల్సియస్ తగ్గుతుంది, అది మొదటి కబురు. తర్వాత ఉమ్మనీటి తిత్తి దిగుతూ థర్మామీటరుని బయటికి నెట్టేస్తుంది. లోపల వెచ్చగా ఉన్నది ఒక్కసారిగా చల్లగాలికి చల్లబడేసరికి రెండో కబురు వెళ్తుంది, అంటే ఇక పరిగెత్తమని. ఇంత తేలికైన ఉపాయం ముచ్చటేసింది.

కొనేద్దామా అంటే, ఆగండి. ఇవన్నీ ప్రధానంగా పైదేశాల ఆవుల మీద తయారైనవి. కార్తీకంలో మా సాలలో దోమలకి గేదె తోక రాత్రంతా ఊగుతూనే ఉంటుంది, ఇక ఫోన్ మోగని గంట ఉంటుందా? పట్టీ ఒకేచోట రోజుల తరబడి బిగించి ఉంచితే తోక వాస్తుంది కూడా. పక్కనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, వాళ్లు మన గేదెల తోకల మీద పరీక్షిస్తే బాగుణ్ను. పైగా మెసేజ్ రావాలంటే సిగ్నల్ ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కరెంటూ ఫోన్లూ ఎన్నాళ్లు లేవో ఆ పక్కవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

మెసేజ్ వచ్చాక ఏం చూడాలో కూడా తెలియాలి. ముందు రెండు ముంగాళ్లు, వాటి మీద ముట్టె కనిపిస్తే ఊరికే లాగకండి, దాని పని దాన్ని చేసుకోనివ్వండి. ఒక్క కాలే వచ్చినా, తోక కనిపించినా, గంటసేపు ముక్కినా ముందుకి రాకపోయినా, ఇక ఆలస్యం చేయకుండా పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయడమే.

యంత్రం లేకుండా ఇంకో దారి ఉంది. గస్ కోనెఫాల్ అనే కెనడా రైతు తన ఆవులకి మేత పొద్దుపోయాక వేస్తే ఎక్కువగా పగలే ఈనుతున్నాయని గమనించాడు. అమెరికాలోని అయోవాలో 15 ఫారాల్లో 1331 ఆవులకి రోజుకొక్కసారి, సంధ్యవేళ మేత వేసి చూస్తే 85 శాతం ఉదయం ఆరుకీ సాయంత్రం ఆరుకీ మధ్యే ఈనాయి. అవి మాంసానికి పెంచే ఆవులు, మన పాడి గేదెని రోజుకొక్క మేతతో ఉంచలేం. అయినా చూద్దామని, ఇప్పుడు చూడితో ఉన్న గేదెకి నెల్లాళ్లుగా ఎక్కువ మేత దీపాలు పెట్టాకే వేస్తున్నాను. అమ్మకి ఇదేం నచ్చలేదు. నేను బజారుకెళ్లినప్పుడల్లా మధ్యాహ్నం తవుడు కలిపి పెట్టేస్తోందని నా అనుమానం, కుడితి తొట్టి ఎప్పుడు చూసినా తడిగానే ఉంటోంది.