కుక్కతో కాపురం మార్చేటప్పుడు: ఐరోపా రోడ్డు ప్రయాణంపై అపోహలు – వాస్తవాలు

ఐరోపాలో ఒక దేశం నుంచి మరో దేశానికి కాపురం మార్చే కుటుంబాలకు వారి కుక్కల కాగితాలు సరిచూసి పెట్టడం, కోరినప్పుడు కుక్కను వ్యానులో ఎక్కించుకుని కొత్త ఇంటి గుమ్మంలో దించి రావడం నా పని. మ్యూనిక్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉద్యోగం చేస్తూ డబ్లిన్‌కో ఆమ్‌స్టర్‌డామ్‌కో మారే తెలుగువారు కూడా ఫోన్ చేస్తుంటారు. అందరూ మొదట అడిగేది, అన్ని గంటలు కుక్క కారులో కూర్చుంటుందా అని. కూర్చుంటుంది. రెండు మూడు గంటలకోసారి దింపి నాలుగడుగులు నడిపించి నీళ్లు పెడితే చాలా కుక్కలు మనకంటే నిమ్మళంగా ప్రయాణిస్తాయి. ఇబ్బంది వచ్చేది దాని కాగితాల్లోని తేదీల దగ్గర. వాటి గురించి అడిగేవారు పదిమందిలో ఒక్కరు ఉంటే గొప్ప.

అపోహ: షెంగెన్ దేశాల మధ్య తనిఖీలు ఉండవు కనుక కుక్కకు కాగితాలు అక్కర్లేదు.

వాస్తవం: షెంగెన్ ఒప్పందం మనుషుల రాకపోకల గురించినది. జంతువుల రాకపోకలకు ఐరోపా యూనియన్‌లో నియమాలు వేరే ఉన్నాయి. వాటి ప్రకారం సరిహద్దు దాటే కుక్కకు చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్, చెల్లుబాటులో ఉన్న రేబిస్ టీకా, పశువైద్యుడు రాసి ఇచ్చిన పెంపుడు జంతువుల పాస్‌పోర్టు, ఈ మూడూ ఉండాలి. స్ట్రాస్‌బర్గ్ నుంచి రైన్ నది వంతెన దాటి జర్మనీలోని కెల్ ఊళ్లోకి వెళ్లేటప్పుడు కుక్క పాస్‌పోర్టు ఎవరూ అడగకపోవచ్చు. అడిగిన రోజున అది లేకపోతే మాత్రం కుక్కను బయలుదేరిన దేశానికి తిప్పి పంపించడమో, నియమాలు పూర్తయ్యేదాకా విడిగా ఉంచడమో చేయవచ్చు, ఆ ఖర్చంతా యజమానిదే.

అపోహ: టీకా వేయించాం, ఇక బయలుదేరవచ్చు.

వాస్తవం: టీకా వేయించడం ఎంత ముఖ్యమో, ఏది ముందు ఏది వెనుక అన్నది అంతే ముఖ్యం. చిప్ ముందు పెట్టాలి, లేదా టీకా వేసిన రోజునే పెట్టాలి. చిప్ కంటే ముందు వేసిన టీకాను లెక్కలోకి తీసుకోరు, ఎందుకంటే ఆ సూది ఈ కుక్కకే వేశారనడానికి ఆధారం ఉండదు. మొదటి టీకా నాటికి కుక్కపిల్లకు కనీసం 12 వారాలు నిండాలి, ఆ తరువాత 21 రోజులు ఆగాలి. అంటే 15 వారాలు నిండని పిల్లను చాలా దేశాల్లోకి రానివ్వరు. ‘పదివారాల పిల్లండీ, ఒళ్లో పెట్టుకుని తెచ్చేస్తాం’ అనేవారికి నేను చెప్పే సమాధానం ఒక్కటే, ఆగమని.

ఎవరైనా పాస్‌పోర్టు చేతికిస్తే నేను ముందుగా తెరిచేది రేబిస్ పేజీ. అక్కడ టీకా సీసా మీది చిన్న స్టిక్కరు అంటించి, పైన పారదర్శకమైన పొర వేసి ఉంటుంది. దాని పక్కన టీకా వేసిన తేదీ, ఎప్పటినుంచి చెల్లుతుంది, ఎప్పటివరకు చెల్లుతుంది అనే తేదీలు ఉంటాయి. ఆ చివరి తేదీ దాటాక, ఒక్క రోజు ఆలస్యంగా వేయించినా, వేసినది మళ్లీ మొదటి టీకా కిందే లెక్క, 21 రోజుల నిరీక్షణ మళ్లీ మొదలవుతుంది. ఫ్రాన్సులోని లియోన్ నుంచి స్పెయిన్‌లోని బార్సెలోనాకు మారుతున్న ఒక కుటుంబం విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. టీకా గడువు శనివారంతో ముగిసింది, వాళ్లు సోమవారం వేయించారు, సామాన్ల లారీ శుక్రవారానికి మాట్లాడుకున్నారు. సోఫా, ఫ్రిజ్, కుక్క పడుకునే పరుపు కూడా బార్సెలోనాకు చేరిపోయాయి కానీ, కుక్క మాత్రం మూడు వారాలు లియోన్‌లో స్నేహితుల ఇంట్లో ఉండిపోయింది.

అపోహ: పురుగుల మందు ఎప్పుడు వేసినా ఒకటే.

వాస్తవం: ఐర్లాండ్, ఫిన్లాండ్, మాల్టా, నార్వే, ఉత్తర ఐర్లాండ్, బ్రిటన్, వీటిలో దేనికి వెళ్తున్నా కుక్కకు బద్దెపురుగు మందు పశువైద్యుడి చేతనే వేయించి పాస్‌పోర్టులో రాయించాలి. ఆ మందు వేసిన తరువాత 24 గంటలు నిండాక, 120 గంటలు దాటకముందే ఆ దేశంలో అడుగుపెట్టాలి. ఈ నియమానికి కారణం మధ్య ఐరోపా నక్కల్లో ఉండే ఎకినోకాకస్ మల్టీలాక్యులారిస్ అనే బద్దెపురుగు. దాని గుడ్లు మనిషి కడుపులోకి చేరితే కాలేయంలో అది ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా కంతిలాగా పెరుగుతుంది. ఆ జబ్బు తమ దగ్గర అడుగుపెట్టకూడదన్నది ఆ దేశాల పట్టుదల. ఇందుకు వాడే ప్రాజిక్వాంటెల్ అనే మందు కడుపులో ఉన్న పురుగును చంపుతుందే కానీ, మర్నాడు కొత్తగా పట్టుకునే పురుగును ఆపలేదు. అందువల్ల మందు పని చేయడానికి ఒక రోజు ఇచ్చి, మళ్లీ అంటుకునే వ్యవధి లేకుండా ఐదు రోజుల గడువు పెట్టారు.

గంటల లెక్కను ఓడ ఎక్కే సమయంతో కాక, దిగే సమయంతో చూసుకోవాలి. ఫ్రాన్సులోని షెర్‌బూర్ నుంచి ఐర్లాండ్‌కు ఓడలో ఒక రాత్రంతా పడుతుంది. ఒకసారి ఆ రేవులో మా కారు వంతు వచ్చింది, గూటిలో కూర్చున్న ఉద్యోగిని పాస్‌పోర్టు తిరగేసి, బద్దెపురుగు పేజీలో తేదీ పక్కన ఖాళీగా ఉన్న గడి మీద వేలు పెట్టి చూపింది. వైద్యుడు తేదీ రాశాడు, సంతకం చేశాడు, ముద్ర వేశాడు, సమయం మాత్రం రాయలేదు. ఆ సాయంత్రం ఊళ్లో మరో పశువైద్యుడిని వెతికి మళ్లీ మందు వేయించాం. ఆ గడువు ప్రకారం మర్నాటి ఓడ ఎక్కాల్సి వచ్చింది. కుక్కకు మాత్రం సముద్రపు ఒడ్డున ఒక రోజు అదనంగా దొరికింది. అప్పటినుంచి వైద్యుడి గదిలోంచి బయటికి రాకముందే ఆ గడి చూసుకోవడం నాకు అలవాటైంది.

అపోహ: లండన్‌కు రైలెక్కించి తీసుకెళ్లవచ్చు.

వాస్తవం: లండన్‌కు వెళ్లే యూరోస్టార్ ప్రయాణికుల రైలులో దివ్యాంగులకు తోడుండే శిక్షణ పొందిన కుక్కలను తప్ప వేరే కుక్కలను రానివ్వరు. ఫ్రాన్సులోని కలే నుంచి ఇంగ్లండులోని ఫోక్‌స్టన్‌కు సముద్రం కింది సొరంగంలో కార్లను మోసుకెళ్లే రైలులో అయితే కుక్క మీ కారులో మీ పక్కనే ఉంటుంది, 35 నిమిషాల్లో అవతల తేలుతారు. కారు లేనివారికి నెదర్లాండ్స్‌లోని హుక్ ఆఫ్ హాలండ్ నుంచి ఇంగ్లండులోని హార్విచ్‌కు వెళ్లే ఓడ ఉంది. ఐరోపా యూనియన్‌లో తీసుకున్న పాస్‌పోర్టును బ్రిటన్ ఒప్పుకుంటుంది. అయితే ఇంగ్లండులో తీసుకున్న పాత పాస్‌పోర్టు 2021 జనవరి 1 నుంచి ఐరోపా యూనియన్‌లో చెల్లడం మానేసింది.

అపోహ: కాగితాలన్నీ ఉంటే ఏ జాతి కుక్కనైనా తీసుకెళ్లవచ్చు.

వాస్తవం: జర్మనీ 2001లో చేసిన చట్టం పిట్‌బుల్ టెర్రియర్, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్, స్టాఫర్డ్‌షైర్ బుల్ టెర్రియర్, బుల్ టెర్రియర్ జాతులనూ వాటి సంకర జాతులనూ దేశంలోకి తేవడాన్ని నిషేధించింది, కొద్దికాలపు సందర్శనలకు మినహాయింపు ఉన్నా కాపురం మార్చేవారికి అది పనికిరాదు. డెన్మార్క్ 2010లో 13 జాతులను నిషేధించింది. ఇల్లు వెతకడానికి ముందే ఈ జాబితాలు చూసుకోవాలి, ఎందుకంటే ఇక్కడ దిద్దుకోవడానికి తేదీలు లేవు, కుక్క పుట్టుకే అడ్డం.

అపోహ: డ్రైవరుకు అప్పగిస్తే మిగతాది ఆయనే చూసుకుంటాడు.

వాస్తవం: ఇది నా వృత్తికి సంబంధించినది కనుక కొంచెం కటువుగానే చెబుతాను. యజమాని లిఖితపూర్వకంగా అధికారం ఇచ్చి, తాను ప్రయాణించిన రోజుకు ముందో వెనుకో ఐదు రోజుల లోపు కుక్క ప్రయాణించేలా చూసుకుంటేనే అది సొంత కుక్క ప్రయాణంగా పరిగణన పొందుతుంది. ‘మేము ఈ నెల వెళ్తాం, మీరు వచ్చే నెల తీసుకురండి’ అంటే అది వాణిజ్య రవాణా కిందికి వస్తుంది. అప్పుడు బయలుదేరడానికి ముందు 48 గంటల లోపు వైద్య పరీక్ష, ఆరోగ్య ధ్రువపత్రం, అధికారిక వ్యవస్థలో నమోదు తప్పనిసరి అవుతాయి. ఈ మాట ముందుగా చెప్పని రవాణాదారుడికి మీ కుక్కను అప్పగించకండి.

అపోహ: మత్తుమందు ఇస్తే దారంతా హాయిగా నిద్రపోతుంది.

వాస్తవం: మత్తులో ఉన్న కుక్క ఒంటి వేడిని సరిగా అదుపు చేసుకోలేదు, మలుపుల్లో నిలదొక్కుకోలేదు, పగ్ వంటి పొట్టి ముక్కు జాతులకైతే ఊపిరే కష్టం. వాంతుల సమస్య ఉంటే దానికి మారోపిటెంట్ అనే మాత్ర వేరే ఉంది, అది మత్తు కలిగించదు, వైద్యుడిని అడిగి రాయించుకోవాలి. నెల రోజుల ముందునుంచి కుక్కను దాని పెట్టెలో పడుకోబెట్టి, ఆ పెట్టెతోనే ఊళ్లో తిప్పడం అంతకంటే మంచి మందు. ఆ పెట్టెనైనా, నడుము పట్టీనైనా కారుకు గట్టిగా బిగించాలి. జర్మన్ రహదారి చట్టం దృష్టిలో కుక్క సామాను లాంటిదే, కదిలిపోకుండా కట్టకపోతే జరిమానా వేస్తారు. ఎండపూట ఆగిన కారులో ఒక గంటలో వేడి సుమారు 22 డిగ్రీలు పెరుగుతుంది, కాబట్టి ‘ఐదు నిమిషాల్లో కాఫీ తాగి వస్తాం’ అన్న మాట నాతో ప్రయాణించేవారి దగ్గర చెల్లదు.

రైలులో వెళ్లేవారికి ఒక మాట. జర్మన్ రైళ్లలో పెంపుడు పిల్లి అంత చిన్న కుక్క బుట్టలో ఉంటే టికెట్ అక్కర్లేదు. అంతకంటే పెద్ద కుక్కకు సగం టికెట్ కొనాలి, మెడకు గొలుసు, మూతికి చిక్కం ఉండాలి. నూర్పిళ్లప్పుడు మన ఎద్దులకు కట్టే చిక్కం లాంటిదే, కాకపోతే ప్లాస్టిక్‌ది.

అపోహ: హైదరాబాదు నుంచి ఒకసారి వచ్చేశాక మళ్లీ వెళ్లి రావడం తేలిక.

వాస్తవం: రేబిస్ విషయంలో ఐరోపా యూనియన్ ఒప్పుకున్న దేశాల జాబితాలో భారత్ లేదు. అక్కడినుంచి తెచ్చే కుక్కకు టీకా వేసిన 30 రోజుల తరువాత రక్తం తీయించి, గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్షిస్తే మిల్లీలీటరుకు 0.5 యూనిట్లు లేదా అంతకుమించి ప్రతిరక్షకాలు రావాలి, రక్తం తీసిన నాటినుంచి మూడు నెలలు ఆగాలి. సెలవులకు కుక్కతో ఇండియా వెళ్లదలచినవారు ఈ పరీక్షను ఇక్కడే, బయలుదేరకముందే చేయించి పాస్‌పోర్టులో రాయించుకుంటే తిరిగి వచ్చేటప్పుడు ఆ మూడు నెలల నిరీక్షణ ఉండదు. అయితే టీకాల గడువు మధ్యలో ఒక్కసారి కూడా తప్పకూడదు.

అపోహ: కొత్త ఇంటికి చేరితే పని అయిపోయినట్టే.

వాస్తవం: చిప్‌లో ఉండేది 15 అంకెల సంఖ్య మాత్రమే, మీ పేరు కాదు. ఆ సంఖ్యను కొత్త దేశపు రిజిస్టరులో, ఫ్రాన్సు అయితే ఐకాడ్‌లో, స్విట్జర్లాండ్ అయితే అమికస్‌లో, మీ కొత్త ఫోన్ నంబరుతో నమోదు చేయించాలి. జర్మన్ ఊళ్లలో కుక్క పన్ను కూడా ఉంటుంది. స్పెయిన్, ఇటలీ, పోర్చుగల్, గ్రీసు దేశాలకు మారినవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అక్కడ శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ సాయంత్రం చీకటి పడ్డాక కుట్టి లీష్మానియా అనే పరాన్నజీవిని అంటిస్తుంది. మన దేశంలో కాలా అజార్ తెచ్చే పరాన్నజీవికి ఇది దగ్గరి బంధువు. వెళ్లకముందే ఆ ఈగను పారదోలే మందున్న మెడపట్టీ వేయించండి, వెచ్చని నెలల్లో రాత్రిపూట కుక్కను ఇంట్లోనే పడుకోబెట్టండి, ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించండి.